నడిమి గిన్నె

టిఫిన్ క్యారియర్‌లో నడిమి గిన్నె ఒక్కటే ఎట్లా పోయిందన్నది లీలాబాయికి ఎంతకీ అంతు చిక్కలేదు.

"పోతే క్యారియర్ మొత్తం పోవాలె. లేకుంటే మూత పోవాలె. పైది ఉన్నది, కిందిది ఉన్నది. నడిమిది ఎట్ల పోయిందే మనో?"

కూతురు మనోరమ జడ అల్లుకుంటూ కళ్ళు మూసుకుంది. "ఉండవ్వా, యాది చేసుకుంటున్న."

"రాత్రి సంది యాది చేసుకుంటనే ఉన్నవు."

"బస్సుల ఒక చిన్నపిల్ల ఏడుస్తుండె. నడిమి గిన్నెల సర్వపిండి ముక్క మిగిలింది. గిన్నెతోనే ఇచ్చిన. గంతల సుల్తానాబాద్ చెరువు మీద కొంగలు లేచినయి. ఎన్ని కొంగలో! అన్నీ ఒక్కసారే..."

"కొంగలు లేస్తే గిన్నె పోతదా?"

వాకిట్లో పేపరు చదువుతున్న తండ్రి గోపాల్‌రావు తల ఎత్తకుండానే అన్నాడు. "గిన్నె కోసం గింత లొల్లి ఎందుకు లీలా? కొత్తది కొను."

"నడిమి గిన్నె ఒక్కటి ఎవలమ్ముతరు? గది మా అవ్వ పెట్టిన క్యారియర్. ఇటు చూడుండ్లి." లీలాబాయి రెండు గిన్నెలనే ఒకదాని మీద ఒకటి పెట్టి కడ్డీలు బిగించబోయింది. కొక్కెం అందలేదు. మూత గలగలలాడింది. "నడిమిది లేకుంటే ఇగ ఇది క్యారియరే కాదు."

మనోరమ నవ్వు ఆపుకుంటూ చెప్పులేసుకుంది. వీధి మలుపు దాటాక గానీ ఆ నవ్వు పోలేదు. పోయాక మాత్రం ఎప్పటిలాగే పాత తప్పులన్నీ వెంట నడిచాయి. గిన్నె ఒక్కటే అయితే బాగుండేది. బీయస్సీలో బాటనీకి కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల, పరీక్షకు హాల్ టికెట్ ఇంట్లో మరచిపోయి ఏడ్చుకుంటూ వెనక్కి పరుగెత్తింది. పొయ్యి మీద పెట్టిన పాలు ఆమె చేతిలో పొంగని వారం లేదు. "తెలివి ఉన్నది, ధ్యాస లేదు" అని మూడో తరగతి పంతులు చెప్పిన మాటను ఆ తర్వాత వచ్చిన ప్రతి టీచరూ తనే కనిపెట్టినట్టు చెప్పారు.

ఇప్పుడు ఆమె కూడా టీచరే. రోజూ కరీంనగర్ నుంచి బస్సెక్కి పెద్దపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పి వస్తుంది.

ఆ సాయంత్రం బస్సు దిగి, డిపో వెనక మరచిపోయిన సామాన్లు పెట్టే అర్రను వెతుక్కుంటూ పోయింది. బల్ల వెనక సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక యువకుడు ఒక గొడుగుకు చీటీ కడుతున్నాడు.

"గిన్నె కోసం వచ్చిన" అంది.

"ఎటువంటి గిన్నె మేడం?"

"నడిమిది."

అతను చీటీ కట్టడం ఆపి ఆమె వంక చూశాడు. లేచి, లోపలి అర నుంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. కడిగి, తుడిచి, తళతళలాడుతూ ఉంది.

"పెద్దపల్లి బస్సుల దొర్కింది. సర్వపిండి వాసన పోవాల్నని రెండుసార్లు కడిగిన." బల్ల మీది గొడుగు చూపించి, "గీ గొడుగు?" అన్నాడు.

"అయ్యో, మా బాపుది!"

"గీ స్కార్ఫు?"

"నాదే."

"గీ సైన్సు రికార్డులు?"

"గవి పిల్లలవి! వారం సంది ఇల్లంత దేవులాడుతున్న!"

అతను అన్నిటినీ వరుసగా పేర్చి, చేతులు కట్టుకున్నాడు. "మేడం, ఒక్క మాట అడుగుత. మీరు రోజూ పెద్దపల్లి పోతున్నరా, జరంత జరంత ఇల్లు మా దగ్గరికి మారుస్తున్నరా?"

మనోరమకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. నవ్వితే ఆ అర్ర కొంచెం వెలుగైనట్టు అతనికి అనిపించిందేమో, బల్ల మీది దుమ్మును అనవసరంగా తుడవసాగాడు.

"నేను అరవై ఏండ్ల ముసలామె అనుకున్న" అన్నాడు. "గొడుగును బట్టి."

"మరి స్కార్ఫును బట్టి?"

"స్కార్ఫును బట్టి డౌట్ వచ్చింది."

అతని పేరు శ్రీపతిరావు. వేములవాడ వాళ్ళు. డిగ్రీ చేసి డిపోలో గుమాస్తాగా చేరితే ఈ అర్ర అతనికి అప్పజెప్పారు. మరచిపోయి వచ్చినవాళ్ళను ఒక్క మాట అనేవాడు కాదు. "మీకు కోపం రాదా?" అని మనోరమ ఒకసారి అడిగితే, "గిట్ల మరచిపోయేటోళ్ళు ఉన్నరనే కద మేడం నాకు జీతమిస్తుండ్రు" అన్నాడు.

ఆ వానాకాలమంతా ఆమె ఏదో ఒకటి పోగొట్టుకుంది. పోగొట్టుకోని రోజు కూడా బస్సు దిగి అటే నడిచేది.

"ఇయ్యాల ఏం పోయింది?"

"ఏం పోలే. అలవాటైంది."

రేకుల మీద వాన దంచి కొడుతుంటే ఇద్దరూ బల్లకు చెరోవైపు నిలబడి చాయ్ తాగేవారు. ఒకరోజు వాన తగ్గాక ఆమె గబగబా వెళ్ళిపోయింది. పది అడుగులు వేసి వెనక్కి వచ్చింది. గొడుగు అతని బల్లకే ఆనించి మరచిపోయింది.

"డైరెక్టుగ ఇక్కడ్నే ఇచ్చిండ్రు. బస్సుకు శ్రమ తప్పింది" అన్నాడు శ్రీపతి. అతని కళ్ళలో ఎగతాళి కంటే మరేదో ఎక్కువ ఉంది. అది ఆమెకు ఇంటిదాకా తోడు వచ్చింది.

అంతా బాగుండగా అతను ఒక మంచిపని చేశాడు. అదే కొంప ముంచింది.

పెద్దపల్లి సర్వీసు కండక్టరు లక్ష్మీరాజం మంచివాడే గానీ గొంతు పెద్దది. బస్సు పెద్దపల్లిలో ఆగింది. స్కూలు పిల్లలు మెట్ల దగ్గర గుమిగూడి ఉన్నారు. లక్ష్మీరాజం టికెట్ల సంచీ సవరించుకుని వెనక నుంచి కేకేశాడు. "ఓ టీచర్ మేడం! గొడుగు పట్టుకున్నరా? డబ్బ పట్టుకున్నరా? బ్యాగు పట్టుకున్నరా? డిపోల శ్రీపతి సారు రోజూ అడగమన్నడు!"

బస్సు బస్సంతా నవ్వింది. మెట్ల దగ్గరి పిల్లలూ నవ్వారు. ఆ మధ్యాహ్నం ఆమె బోర్డు వైపు తిరగగానే చివరి బెంచీ నుంచి ఒక గొంతు వినబడింది. "మేడం, చాక్‌పీసు పట్టుకున్నరా?"

సాయంత్రం ఆమె అర్రలోకి వచ్చిన తీరు చూసే శ్రీపతి లేచి నిలబడ్డాడు.

"నేను మీకు నవ్వులాటనా?"

"అయ్యో, ఏమైంది?"

"నా సంగతి బస్సుల అందరికి చెప్పుమని మిమ్ముల అడిగిన్నా?"

"మంచికే చెప్పిన మనోరమ గారూ. మళ్ల మళ్ల పోగొట్టుకుని మీరే పరేషాన్ అయితుండ్రని..."

"పరేషాన్ నాది. మీది కాదు."

ఆ వారమే త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దమని ఇస్తే, దిద్దినవి దిద్దనివాటిలో కలిపేసి, సగం ఇంట్లో వదిలి పోయింది. హెడ్‌మాస్టరు అరవలేదు. అరిచినా బాగుండేది. "మేడం, పేపర్లే జాగ్రత్త చేయలేనోళ్ళకు పిల్లలను ఎట్ల అప్పజెప్పాలె, మీరే చెప్పుండ్లి" అని నెమ్మదిగా అన్నాడు.

తర్వాతి సోమవారం మనోరమ బస్సు ఎక్కలేదు. ఆ తర్వాతా ఎక్కలేదు.

మొదట జ్వరమన్నది. జ్వరం లేదు. పొద్దెక్కినా లేచేది కాదు. చాయ్ గ్లాసు పక్కన పెడితే మీగడ కట్టి చల్లారేది. తలకు నూనె పెడతానన్నా వద్దనేది. ఏడ్చేది కూడా కాదు. లీలాబాయికి మొదట కోపం వచ్చింది. "గింత సోమరితనమా? ఆ నౌకరీ కాకుంటే ఇంకో నౌకరీ." తర్వాత భయం వేసింది. ఎందుకంటే ఇంట్లో ఏ వస్తువూ తప్పిపోవడం లేదు. పాలు పొంగడం లేదు. మనోరమ ఇప్పుడు ఏదీ మరచిపోవడం లేదు, ఏదీ చేత పట్టుకోవడం లేదు గనక.

కిటికీ అవతల కొంగలు వరుసగా పోతున్నా తల తిప్పేది కాదు. 'నేను అక్కరకు రాని మనిషిని' అనే మాట ఒక్కటే గడియారం చప్పుడులా లోపల తిరుగుతూ ఉండేది. ఆ మాట తనదో, చిన్నప్పటి నుంచి విన్నదో కూడా తెలియడం మానేసింది.

ఒక ఆదివారం పూట గోపాల్‌రావు ఊళ్ళో లేనప్పుడు వాకిట్లో ఎవరో పిలిచారు. లోపల పడుకున్న మనోరమ ఆ గొంతు గుర్తుపట్టింది.

"నేను డిపోల పనిచేస్తనమ్మా. శ్రీపతిరావును."

"ఏం పోగొట్టుకున్నదయ్యా మళ్ల?" అంది లీలాబాయి అలసటగా.

"ఏం పోగొట్టుకోలేదమ్మా. అందుకే వచ్చిన. నెల కావస్తుంది. పెద్దపల్లి బస్సుల ఏం దొర్కుతలేదు. జర ఫికరైంది."

తల్లి అతనికి కుర్చీ జరపడం, జరిగిందంతా చెప్పుకుపోవడం మనోరమకు వినబడ్డాయి. శ్రీపతి అంతా విన్నాక నెమ్మదిగా చెప్పాడు.

"మా అక్క సరళాదేవి గూడ గిట్లనే పండుకుండెనమ్మా. సోమరితనమని మేం తిట్టినం. గాలి సోకిందని తాయెత్తు కట్టించినం. ముకరంపురల డాక్టర్ షహర్ బానో అని ఉన్నది. ఆమె దగ్గరికి పోయినంక లేచింది. గది కూడ జ్వరం తీరుగ ఒక జబ్బే. సిగ్గుపడే పని లేదు."

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. శ్రీపతి లోపలికి తొంగి చూడలేదు.

"మనోరమ గారూ, లక్ష్మీరాజంకు చెప్పుడు నాదే తప్పు. మీ వస్తువులు కాపాడుతున్ననుకున్న. మీ ఇజ్జత్ గురించి సోచాయించలే. మాఫ్ చేయుండ్లి."

అతను వెళ్ళిపోయాడు. లీలాబాయి చాలాసేపటికి లోపలికి వచ్చేసరికి, మనోరమ మంచం మీద లేచి కూర్చుని కిటికీలోంచి వాకిలి వైపు చూస్తోంది.

"అవ్వా, ఆయన గొడుగు మరచిపోయిండు."

ఎన్ని రోజుల తర్వాతో తనంతట తాను అన్న మాట అది. లీలాబాయి కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది.

కళ్ళ డాక్టరు దగ్గరికని గోపాల్‌రావుకు చెప్పి తల్లీకూతుళ్ళు ముకరంపుర పోయారు. షహర్ బానో తల నెరిసిన మనిషి. తొందరపడని మనిషి. దిగులు జబ్బుకు గోళీలు రాసిచ్చి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మానొద్దని చెప్పింది. నిజంగానే కొన్ని వారాలకు నిద్ర సాఫైంది. అన్నం రుచి తెలిసింది. ఒక పొద్దున మనోరమ తనే లేచి చాయ్ పెట్టింది.

చాయ్‌కి పెట్టిన పాలు పొంగి పొయ్యంతా కారాయి.

ఆ పొయ్యి వంక చూస్తూ ఆమె అక్కడే చతికిలబడింది. జబ్బు నయమైంది గదా! మరి ఇది నయం కాలేదేం?

ఈసారి డాక్టరమ్మ దిగులు గురించి కాక, చిన్నతనం గురించి అడిగింది. మూడో తరగతిలో ఎట్లుండేది? పలక ఎన్నిసార్లు పోయేది? జవాబులన్నీ లీలాబాయే చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతే చిన్నదైపోయింది.

"చూడు బిడ్డా" అంది షహర్ బానో. "రెండు సంగతులున్నయి. దిగులు నడుమ వచ్చింది. ధ్యాస సంగతి పుట్టుక సంది ఉన్నది. ధ్యాస నిలువని పిల్లను రోజూ ఎవలో ఒకలు అంటనే ఉంటరు. నిర్లక్ష్యమంటరు, సోమరంటరు. ఇరవై ఏండ్లు గదే ఇంటే ఎవలైనా నమ్ముతరు. నమ్మినంక దిగులు రాకుంట ఎట్లుంటది? అందరికి గిట్లనే అయితదని కాదు. కానీ రెండూ జంటగ వచ్చుడు నేను చాన చూసిన."

"ఈమె కొంగలను గంటసేపు చూస్తది కదమ్మా?" అంది లీలాబాయి. "ధ్యాస లేనిదే ఎట్ల చూస్తది?"

"ధ్యాస లేక కాదు. దాని లగాం ఈమె చేతుల లేదు. నచ్చిన దాని మీద పడితే లేవది, చెప్పిన దాని మీద నిలువది. ఇది పిల్లలకే ఉంటది, పెద్దగైతే పోతదని మేం గూడ చదువుకున్నం. అందరికి పోదని ఇప్పుడిప్పుడే రాస్తుండ్రు. దిగులు గోళి మానకు. మిగిలినదానికి తిట్లు మానాలె, పని చేసే తరీఖా మార్చాలె. ఒక్కటే సంచి పట్టుకో, అన్నీ దాంట్లనే పెట్టు. పాలు పెడితే పొయ్యి కాడ్నే పీట ఏసుకుని కూసో."

రిక్షాలో ఇల్లు దగ్గర పడుతుంటే లీలాబాయి కూతురి చేయి పట్టుకుని, "ఒక్క గిన్నె కోసం ఎంత లొల్లి చేసిన్నే" అంది.

గొడుగు వాపసు ఇచ్చే నెపంతో మనోరమ డిపోకు పోయింది. శ్రీపతి ఆమెను చూసి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"మీ గొడుగు. మా ఇంట్ల మరచిపోయిండ్రు."

"మరచిపోలే" అన్నాడతను బల్ల వంక చూస్తూ. "పెట్టిపోయిన. వాపసు ఇచ్చేటందుకన్న బయటికొస్తరని."

చినుకులు మొదలయ్యాయి. మనోరమ నవ్వలేదు. ముందుగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండా నవ్వకూడదనుకుంది.

"నేను దిగులుకు గోళీలేసుకుంటున్న. అది తగ్గుతదట. మరచిపోవుడు మాత్రం నాతోనే ఉంటదట. మీకు ఇప్పుడు నవ్వొస్తది. పదేండ్లయినంక గూడ పాలు పొంగుతనే ఉంటే?"

"పొయ్యి తుడుస్త."

"గంతేనా?"

"ఇంకేం చేస్తరు, పాలు పొంగితే?" అన్నాడు శ్రీపతి నిజంగానే అర్థం కానట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు రాని దినాలు గీ అర్రల సామాను నిండ ఉండె. అయినా ఖాళీగనే ఉండె. నాకు మాటలు రావు మనోరమ గారూ. మీకు ఇష్టముంటే మా అక్కను, బావను మీ ఇంటికి పంపుత. ఒక్కటి చెప్పుండ్లి. మీకు యాది చేయాల్నా, వద్దా?"

ఆమె ఆలోచించింది. ఇంత ముఖ్యమైన ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నేను అడిగినప్పుడు యాది చేయుండ్లి. బస్సు మొత్తం ఇనేటట్టు కాదు."

"మెల్లగ చేస్త."

"అయితే మా బాపుకు నేనే చెప్త. నేను చెప్పినంకనే పంపుండ్లి."

ఇప్పుడు నవ్వింది. వాన పెద్దదైంది. ఇంటికి చేరాక చూసుకుంటే అతని గొడుగు మళ్ళీ ఆమె చేతిలోనే ఉంది.

మాట ఇచ్చింది, అవ్వకు చెప్పింది గానీ బాపుకు చెప్పడానికి నోరు రాలేదు. ఈలోపు గోపాల్‌రావు ఒక సంబంధం తెచ్చాడు. బైంసాలో పత్తి వ్యాపారం. "కలిగినోళ్ళు. బేస్తవారం చూడ వస్తుండ్రు" అన్నాడు సంతోషంగా. లీలాబాయి వంటింట్లో కూతురి చెవిలో చెప్పింది. "ఆ నాలుగు దినాలు గోళీలు బియ్యం డబ్బల పెట్టు. వాళ్ళకు కనబడొద్దు." అని, తన మాట తనకే నచ్చనట్టు ముఖం తిప్పుకుంది.

ఆదివారం ముగ్గురూ కలిసి అన్నానికి కూర్చున్నారు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. చాయ్‌కి పాలు పొయ్యి మీద ఉన్నాయి. గోపాల్‌రావు మూడో ముద్ద కలుపుతుంటే మనోరమ అంది.

"బాపూ, బైంసా వాళ్ళను రావద్దని చెప్పుండ్లి."

గోపాల్‌రావు చేయి ఆగింది.

"నేను పోయింది కండ్ల డాక్టరు దగ్గరికి కాదు. మనసు డాక్టరు దగ్గరికి. గోళీలేసుకుంటున్న. వాటిని బియ్యం డబ్బల దాచి ఎవల ఇంటికీ పోను. ఎల్లుండి పెద్దపల్లి పోయి హెడ్‌మాస్టరును మళ్ల అడుగుత. ఆయన కాదంటే ఇంకో స్కూలు. పెండ్లంటూ చేసుకుంటే, నా సంగతంత తెలిసినాయన ఒకాయన ఉన్నడు. ఆయన్నే చేసుకుంట."

"మనసు డాక్టరా?" గోపాల్‌రావు భార్య వైపు తిరిగాడు. "ఏం తక్కువైంది పిల్లకు? లీలా, నాకొక్క మాట చెప్పకపోతివి?"

లీలాబాయి లేచి, గూట్లోంచి టిఫిన్ క్యారియర్ తెచ్చి కంచాల నడుమ పెట్టింది. పై గిన్నె తీసింది.

"నాకు డాక్టరమ్మ మాటలు చెప్పరావు. నాకు తెలిసినట్టు చెప్త. ఇది దిగులు. పైన ఉండె, మనకు కనబడ్డది. ఇది తీస్తే కింద గీ నడిమిది ఉన్నది, ధ్యాస నిలువకపోవుడు. చిన్నప్పటి సంది ఉన్నది. మనం దాన్ని నిర్లక్ష్యమని రోజూ తిట్టినం. ఆ తిట్లు నిండి నిండి పైది తయారైంది. పిల్లది తప్పు కాదు. చెప్పకపోవుడు నాది తప్పు."

గోపాల్‌రావు ఆ గిన్నెల వంక చాలాసేపు చూశాడు. ఎంగిలి చేయి ఆరిపోతోంది. కూతురు నెల రోజులు మంచం పట్టినప్పుడు తాను పేపరు చదువుతూ దాటిపోయిన గుమ్మం అతనికి గుర్తొచ్చినట్టుంది.

"ఎవలా పిల్లగాడు?" అన్నాడు చివరికి.

"వేములాడ వెంకటేశ్వర్‌రావు గారి కొడుకు" అంది లీలాబాయి గబగబా. "ఇంత భూమి ఉన్నది, డిపోల నౌకరీ ఉన్నది. నేనంత అర్సుకున్న."

"డిపోల ఏం చేస్తడు?"

మనోరమ తల వంచుకుంది. "బస్సులల్ల మరచిపోయిన సామాను చూసుకుంటడు బాపూ."

గోపాల్‌రావు భార్యను చూశాడు, కూతురిని చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. "మన ఇంటికి అంతకన్న అక్కరకొచ్చే అల్లుడు యాడ దొర్కుతడు!"

అప్పుడే వంటింట్లోంచి సుయ్యిమని చప్పుడు వచ్చింది. మాడువాసన. మనోరమ అదిరిపడి లేవబోయింది.

"కూసో బిడ్డా" అన్నాడు గోపాల్‌రావు. "నేను చూస్త."

పెళ్ళయినప్పటి నుంచి వంటింటి గడప దాటని మనిషి లోపలికి పోయాడు. గిన్నెలేవో పడ్డాయి. "లీలా, ఇది ఎటు తిప్పాలె?" అన్న కేక వచ్చింది. "కుడికి!" అన్నారు తల్లీకూతుళ్ళు ఒక్కసారే. పొయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఆ గొంతే, కొంచెం గట్టిగా, ఇల్లంతా వినబడేట్టు పలికింది.

"బైంసాకు నేను పొద్దుగాల్నే ఫోన్ చేస్త. దండెం మీద తగిలేసిన గొడుగు ఆ పిల్లగానిదేనా? వచ్చే ఆదివారం వచ్చి తీస్కపొమ్మనుండ్లి. వాళ్ళ అక్కను, బావను గూడ తోల్కరమ్మనుండ్లి. అందరు అన్నం ఇక్కడ్నే తినాలె."